పచ్చ స్టిక్కర్లు, పద్నాలుగో వారం: గడియారపు గాజు

పుంగనూరు క్లినిక్కు మెట్ల మీద ఇద్దరు స్నేహితురాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా విడిపోయారు. పోయిన వారం మనం ఆగింది అక్కడే. వాళ్లిద్దరిలో తప్పెవరిదని అప్పుడే తీర్పు చెప్పేసిన పాఠకులు కాస్త నిదానించాలి. తొందరపడి తీర్పు చెప్పి వాళ్లలో ఒకతె, ఇరమ్, ఇప్పటికే చేయాల్సినంత నష్టం చేసింది.

కొత్తగా వచ్చినవాళ్లకు సంగతంతా నాలుగు మాటల్లో చెబుతాను. క్రిస్టినా పళ్ల డాక్టరు. పుంగనూరులో డాక్టర్ హరినాథ్ క్లినిక్కులో చేరి ఎనిమిది నెలలైంది. ఆమె పెట్టిన ఫిల్లింగులు రెండు నెలల్లో పదకొండు ఊడిపోయాయి. లోపం ఆమె చేతిలోనే ఉందన్నాడు హరినాథ్. వచ్చే శనివారం పొద్దున పేషెంట్ల ఎదుట "ఇది నా చేతి తప్పే" అన్న కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపొమ్మన్నాడు. ఆ సంతకం పెడితే ఈ చుట్టుపక్కల ఏ క్లినిక్కులోనూ ఆమెను కుర్చీ దగ్గర నిలబడనివ్వరు.

చెయ్యి కాదు, లైటును అనుమానించండి అంది క్రిస్టినా. పంటి గుంటలో నింపే పేస్టు మెత్తగా ఉంటుంది. ఆ నీలం లైటు ఇరవై సెకన్లు పడితే గట్టిపడుతుంది. జనం దాన్ని సిమెంటు అంటారు. లైటులో బలం చాలకపోతే పైపైన గట్టిపడి లోపల మెత్తగానే ఉండిపోతుంది. అయితే లైటు బలం చూసి చెప్పేదెవరు? మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్లకూ కలిపి ఆ పని చేసేది ఒక్క ఇరమ్. లైటు మూతిని తన మీటర్ కిటికీకి ఆనించి అంకె చూస్తుంది. ఐదు వందలు దాటితే పచ్చ స్టిక్కరు, తగ్గితే ఎర్ర స్టిక్కరు. హరినాథ్ పిలిపిస్తే వెళ్లి కొలిచింది. ఆరు వందల ఇరవై వచ్చింది. "లైటు బాగుండాది సార్" అని పచ్చ స్టిక్కరు అంటించింది. పదో తరగతి దాకా తనతో ఒకే బెంచీలో కూర్చున్న క్రిస్టినా పక్కనే నిలబడి ఉండగానే ఆ మాట అంది.

ఇంక ఈ వారం సంగతి. గురువారం పొద్దున్నే క్రిస్టినా నుంచి ఫోను.

"నీ మీటర్ తీసుకోని కుప్పం రా. మాలతి మేడమ్ క్లినిక్కులో ఉంటా."

"యాల?"

"వస్తే తెలుస్తాది."

ఇరమ్ బయలుదేరింది. భయపడి కాదు, కోపంతో. ఆరేళ్లుగా ఎవరూ ఆమె మీటరును వేలెత్తి చూపలేదు. బస్సు బైరెడ్డిపల్లె దాటేదాకా క్రిస్టినాను మనసులో తిట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత తిట్లు అయిపోయి మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

మాలతికి అరవై దాటాయి. ఇంటి ముందుగదిలోనే క్లినిక్కు. చదువు అయిపోయిన కొత్తలో క్రిస్టినా పని నేర్చుకున్నది ఆమె దగ్గరే.

"ఏమ్మా, మిషన్లు సూసే పాప నువ్వేనా? టిఫిన్ తిన్నావా?" అంది మాలతి.

"తిన్నా మేడమ్" అని ఇరమ్ అబద్ధమాడింది. తగువుకు వచ్చిన చోట ఇడ్లీలు తినడం ఆమెకు ఇష్టం లేదు.

క్రిస్టినా ఒక స్టీలు ట్రే తెచ్చి ముందు పెట్టింది. అందులో గాజు పూసలంత చిన్న చిన్న బిళ్లలు.

"సెలైన్ ట్యూబును రెండు మిల్లీమీటర్ల ముక్కలు కోసినా. లోపల ఫిల్లింగు పేస్టు కూరినా. ఎడమ పక్కవి నిన్న పుంగనూర్లో నువ్వు పచ్చ స్టిక్కరు ఏసిన లైటు కింద పెట్టినా. సరిగ్గా ఇరవై సెకన్లు. ఈ సూదితో పైన గుచ్చి సూడు."

ఇరమ్ గుచ్చింది. టక్కుమని సూది జారిపోయింది.

"గట్టిగానే ఉండాది."

"ఇప్పుడు తిప్పి గుచ్చు."

తిప్పి గుచ్చింది. సూది అడ్డం లేకుండా దిగబడింది. పైన రాయి, అడుగున జున్ను. ఇంకొకటి తీసుకుంది. అదీ అంతే. ఆరింటినీ గుచ్చింది.

"పేస్టు పాతదేమో."

"డబ్బీ మీద తేదీ సూడు, ఇంకా ఏడాదుండాది. అదే పేస్టును మాలతి మేడమ్ లైటు కింద పెట్టినవి ఈ కుడి పక్కవి."

కుడి పక్కవి రెండు వైపులా రాళ్లలాగే ఉన్నాయి.

"నా మీటర్ తప్పు సెప్పదు క్రిస్టీ" అంది ఇరమ్. గొంతు అవసరం కన్నా పెద్దగా వచ్చింది.

"నా చెయ్యి మాత్రం తప్పు సేస్తాదా? పదకొండు సార్లు? ఆ పొద్దు నువ్వు ఒక్క మాట, ఇంగోసారి కొలుస్తా సార్ అని ఒక్క మాట అనింటే సాలు. నా పక్క సూడను గూడా సూడలేదు."

క్రిస్టినా కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని చూసి ఇరమ్‌కు ఇంకా కోపం వచ్చింది. తప్పు మన వైపు ఉందేమోనని లోపల ఎక్కడో తెలుస్తున్నప్పుడు వచ్చే కోపం అది. దానికి అరుపు ఎక్కువ.

మాలతి ఇద్దరి మధ్యకు తన మీటర్ తెచ్చి పెట్టింది. నెల క్రితం కొన్నది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

"మీరు అరుసుకుంటే ఏమొస్తాది? రెండు మీటర్లుండాయి, ఒక లైటుండాది. పెట్టి సూడండి."

మాలతి లైటును ముందు మాలతి మీటర్ మీద పెట్టారు. తొమ్మిది వందల ఎనభై. తర్వాత ఇరమ్ మీటర్ మీద పెట్టారు. పందొమ్మిది వందల పది.

ఇరమ్ లైటు మూతి తుడిచి మళ్లీ పెట్టింది. పందొమ్మిది వందలు. బ్యాటరీ మార్చి పెట్టింది. పందొమ్మిది వందల ఐదు.

"ఆ లైటు పెట్టె మీద కంపెనీవాడు ఎంతని రాసుకున్యాడో సదువు" అంది మాలతి.

ఇరమ్ చదివింది. వెయ్యి. అమ్ముకునేవాడే వెయ్యి అని రాసుకున్న లైటుకు ఆమె మీటర్ పందొమ్మిది వందలు ఇస్తోంది. అంత ఉదారమైన మీటర్ ఈ మూడు ఊళ్లలో ఇంకోటి ఉండదు. రెండు నెలల కిందట మదనపల్లెలో ఒక కొత్త లైటు పద్దెనిమిది వందలు చూపిస్తే "మంచి సరుకు సార్" అని మెచ్చుకుని వచ్చింది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

కాగితం తీసుకుని లెక్క వేసింది. పుంగనూరు లైటు అసలు బలం మూడు వందల ఇరవై కూడా లేదు. ఎర్ర స్టిక్కరు వేయాల్సిన లైటు. సంచిలో ఎర్ర స్టిక్కర్ల చుట్ట ఉంది. పైన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. ఏడాదిగా ఒక్క లైటూ తప్పలేదని అందరితో గొప్పగా చెప్పుకుంది. అన్ని లైట్లూ పాసవుతుంటే అనుమానం రావాల్సింది లైట్ల మీద కాదని ఆమెకు ఇప్పుడు తోచింది.

స్క్రూడ్రైవర్ తీసి మీటర్ వెనక మూత విప్పింది. లైటు ఆనించే చిన్న గాజు కిటికీని వేలితో తడిమింది. బయటి వైపు నున్నగా ఉంది. లోపలి వైపు చిన్న బుడిపె తగిలింది.

అదేమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె పుట్టి పెరిగింది గడియారాల కొట్లో. చేతి గడియారంలో తేదీ అంకె పెద్దగా కనబడాలని గాజు మీద ఒక బుడిపె పెడతారు. ఇది అదే.

పోయిన ఏడాది వేసవిలో మీటర్ స్కూటర్ మీద నుంచి పడి కిటికీ పగిలింది. బెంగుళూరు పంపితే నెల పడుతుందన్నారు. "గాజే కదా, నేనేస్తాలే" అన్నాడు నాన్న ఇమాముద్దీన్. పాత గడియారం గాజులో గీతలు లేని, మందమైన ముక్క ఏదని వెతికి ఉంటాడు. బుడిపె ఉన్నచోటే గాజు మందం. దాన్ని గుండ్రంగా కోసి, అంచులు అరగదీసి, లైటు మూతి చక్కగా కూర్చోవాలని నున్నటి వైపు బయటికి పెట్టి బిగించాడు. కొంపముంచే పని ఎంత శ్రద్ధగా చేయవచ్చో అంత శ్రద్ధగా చేశాడు. తేదీని పెద్దది చేసి చూపే గాజు, లోపలికి వచ్చిన వెలుతురును కూడా పోగుచేసి రెండింతలు చూపించింది.

"ఎన్ని లైట్లకు ఏసినావు స్టిక్కర్లు?" మెల్లగా అడిగింది క్రిస్టినా.

"దీంతో ముప్పై ఒకటి."

ముప్పై ఒక్క లైట్లు, వాటి కింద నోరు తెరిచిన మనుషులు. ఇరమ్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు మీటరును పగలగొట్టి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. పారిపోలేదు. ఫోను తీసింది.

"ఎవురికి?" అంది క్రిస్టినా.

"హరినాథ్ సార్‌కు. నా మీటర్ తప్పని సెప్తా."

"ఇప్పుడొద్దు. శనివారం అందరి ముందరా సెప్పు. ముందే సెప్తే ఆయప్ప ఏం సేస్తాడో తెలీదు."

"ఈ పొద్దు సాయంత్రం ఆ లైటు కింద ఎంతమంది కూసుంటారో నీకు తెలుసా? తప్పని తెలిసినాక రెండు దినాలు నోరు మూసుకోని ఉండమంటావా? మొన్న నోరు మూసుకున్యాననే కదా నన్ను తిట్టినావు."

ఇరమ్ నెంబరు నొక్కింది. హరినాథ్ ఫోనులో అంతా విన్నాడు. అడ్డు చెప్పలేదు, కోప్పడలేదు.

"మంచిపని చేసినావమ్మా. ఆ లైటు ఈ రోజు నుంచి వాడం. శనివారం ఆ కొత్త మీటర్ తీసుకొని రా. అందరి ముందరే కొలుద్దాం."

హరినాథ్ అంత మెత్తగా మాట్లాడడం ఇరమ్ ఎప్పుడూ వినలేదు. వినలేదని తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం గుండె తేలికపడింది.

మదనపల్లె చేరేసరికి సాయంత్రం ఐదయింది. ఇమాముద్దీన్ కొట్లోనే ఉన్నాడు. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు అన్నది ఆయన నియమం. కూతురితోనైనా సరే దాన్ని తప్పడు. ఇరమ్ ఆ గాజు ముక్కను బల్ల మీద పరిచిన గుడ్డపై పెట్టింది.

ఆయన కంటికి అద్దం తగిలించుకుని చూశాడు. ముఖం వెలిగింది.

"ఇది నేనేసిందే. యాల తీసినావు బేటీ? మంచి గాజు."

ఇరమ్ చెప్పింది. దాచకుండా, మెత్తగా చేయకుండా చెప్పింది. ఆయన అంతా వినేదాకా కంటి అద్దం తీయలేదు.

"గడియారం తప్పు సూపిస్తే మనిషికి బస్సు తప్పిపోతాది" అన్నాడు చివరికి. "ఇది తప్పు సూపిస్తే?"

"జనాలకు సిమెంటు ఊడిపోతాది. క్రిస్టీ పని ఊడిపోతాది."

ఇమాముద్దీన్ చేతులు బల్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. నలభై ఏళ్లుగా ఆ చేతులు ఆయనకు పేరు తెచ్చాయి. ఇరమ్‌కు నాన్న మీద జాలేసింది. తను ఆ గాజును ఒక్కసారైనా తిప్పి చూడనందుకు తన మీద అసహ్యమేసింది.

"శనివారం నేనూ వస్తా. నా సేత్తో ఏసినానని నేనే సెప్తా."

"వద్దు అబ్బాజాన్. గాజు నువ్వేసినా స్టిక్కరు మీదుండే రాత నాది. నేనే సెప్పుకోవాల."

ఆమె లేచేటప్పుడు ఆయన తన కంటి అద్దం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఈసారి గాజును తనే చూసుకోమని దాని అర్థం. ఇరమ్ సంచిలో వేసుకుంది.

శనివారం తొమ్మిదిన్నరకు పుంగనూరు క్లినిక్కు ముందుగది నిండిపోయింది. సిమెంటు ఊడినవాళ్లలో ఏడుగురు వచ్చారు. ముందు కుర్చీలో రామసముద్రం రంగప్ప కూర్చున్నాడు. ఆయనకు ఒకే పంటికి రెండుసార్లు ఊడింది, అందుకని గొంతు అందరికన్నా పెద్దది. బల్ల మీద కాగితం, దాని మీద మూత తీసి పెట్టిన పెన్ను. క్రిస్టినా నిటారుగా కూర్చుని ఉంది.

ఇరమ్ ఎవరూ అడగకముందే లేచి నిలబడింది.

"లైటు మంచిదని సెప్పింది నేను. నా మీటర్ తప్పు. తప్పుడు గాజుతో కొలిసి మంచిదని స్టిక్కరు ఏసినా. అదే డాక్టరమ్మ మెడకు సుట్టుకుండాది. తప్పు నాది."

"అంటే ఆయమ్మ సెయ్యి మంచిదేనా?" అన్నాడు రంగప్ప.

"ఇప్పుడే సూద్దాం పెద్దాయనా."

హరినాథ్ తలూపాడు. క్లినిక్కులో పనిచేసే రేఖ లోపలి నుంచి లైటు తెచ్చి బల్ల మీద పెట్టింది. పిడి మీద పచ్చ స్టిక్కరు, దాని మీద ఇరమ్ చేతిరాత. ఇరమ్ మాలతి మీటర్ తీసింది. లైటు ఆనించి నొక్కింది.

తొమ్మిది వందల డెబ్బై.

ఇంకోసారి నొక్కింది. తొమ్మిది వందల అరవై ఐదు. కుప్పంలో వేసుకున్న లెక్క ప్రకారం మూడు వందల ఇరవై లోపే చూపించాలి.

"చూసినావా అమ్మా" అన్నాడు హరినాథ్, అదే మెత్తటి గొంతుతో. "నీ మీటర్ తప్పే కావచ్చు. నా లైటు మాత్రం బాగుండాది. నువ్వు నిజాయితీ ఉండే పిల్లవి, అందరూ చూసినారు. క్రిస్టినా, ఇంక ఆలస్యం ఎందుకు?"

కాగితం క్రిస్టినా వైపు జరిగింది. క్రిస్టినా ఇరమ్‌ను చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే భరించలేకుండా ఉంది. ఆమె చెయ్యి పెన్ను దగ్గరికి వెళ్లింది.

ఇరమ్ లైటును కింద పెట్టలేదు. మొన్న నువ్వు ఇంకోసారి కొలుస్తానని అనలేదు అన్న క్రిస్టినా మాట చెవిలో మోగుతూనే ఉంది. ఈసారి అంకె ఏదైనా సరే, తనంతట తాను చూడకుండా వదిలిపెట్టదలచుకోలేదు. పిడి తిప్పింది. స్టిక్కరు మూల కాస్త లేచి ఉంది, జిగురుకు దూది పోగులు అంటుకుని ఉన్నాయి. తను అంటించిన స్టిక్కరు ఎప్పుడూ అలా లేవదు.

స్టిక్కరు వేసేటప్పుడు లైటు అడుగున ఉండే నెంబరులో చివరి నాలుగు అంకెలు దాని మీద రాయడం ఆమె అలవాటు. కొట్లో రిపేరుకు వచ్చిన గడియారాలకు నాన్న చీటీ కట్టడం చూసి నేర్చుకున్నది. స్టిక్కరు మీద 4471 అని ఉంది. సంచిలోంచి నాన్న ఇచ్చిన అద్దం తీసి కంటికి పెట్టుకుంది. లైటును తలకిందులు చేసి అడుగున చీమ తలంత అంకెలు చదివింది.

9026.

"ఆగు క్రిస్టీ. సంతకం పెట్టొద్దు."

ఇరమ్ లైటును అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"సార్, స్టిక్కరు నాదే. లైటు అది కాదు. పాత లైటు మీద నుంచి పీకి దీనికి అంటించినారు. గురువారం నేను ఫోను సేసినంక సేసినారు."

"తెలిసీ తెలియక మాట్లాడొద్దు" అన్నాడు హరినాథ్. మెత్తదనం పోయింది. ఆ లైటు బలహీనమని తేలితే ఏడాదిగా దాని కింద ఆయన చేసిన ఫిల్లింగులన్నీ కూడా అనుమానమే. అది ఆ ముఖంలో ఇప్పుడు అందరికీ కనిపించింది.

ఇరమ్ ఆయనతో వాదించలేదు. రేఖ వైపు తిరిగింది.

"రేఖక్కా, పాత లైటు యాడుండాది?"

"రేఖా, లోపలికి పో" అన్నాడు హరినాథ్.

రేఖ పోలేదు. చీర కొంగు చేతికి చుట్టుకుంటూ నిలబడింది. "స్టిక్కరు మార్చమని సార్ సెప్పినారు, మార్చినా. లైటు పారెయ్యమని సెప్పినారు" అంది నెమ్మదిగా. "పారెయ్యలేదు."

క్రిస్టినా పెన్నుకు మూత పెట్టింది. సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో వేసుకుంది. రంగప్ప కుర్చీలోంచి లేచి "అట్లయితే ఆయమ్మను యాల ఇంతసేపు కూసోబెట్టినారప్పా" అని హరినాథ్‌ను నిలదీశాడు. ఏడుగురూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. గెలిచామన్న సంతోషం ఇరమ్ గుండెల నిండా పొంగింది.

"లైటు తేక్కా. అందరి ముందరా కొలుద్దాం."

"ఈడ లేదు." రేఖ ఇరమ్ కళ్లలోకి చూసింది. ఆమె ముఖంలో దాపరికం ఏమీ లేదు. "మా సెల్లెలు పళ్ల క్యాంపుల్లో పనిసేస్తాది, నిన్న ఫోను సేసింది. రామసముద్రంలో ఈ పొద్దు బడిపిల్లోళ్లకు పళ్ల క్యాంపు. వాళ్ల లైటు చెడిపోయిందంట. మా సెల్లెలికి పంపిచ్చినా. మంచి లైటు పారెయ్యమంటే మనసొప్పలేదు. నువ్వే కదమ్మా పచ్చ స్టిక్కరు ఏసింది?"

ఇరమ్ చేతిలోని అద్దం జారి బల్ల మీద పడింది.

"ఎంతమంది పిల్లోళ్లు?" అని అడిగింది క్రిస్టినా.

"అరవై మందంట. పదిన్నరకు మొదలుపెడ్తారు."

గోడ గడియారంలో పదీ పది. రామసముద్రానికి అరగంట దారి. రేఖ చెల్లెలికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు.

"నా బండి బయటే ఉండాది, రాండి" అని రంగప్ప అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు.

క్రిస్టినా ఇరమ్ చెయ్యి పట్టుకుని లాగింది. మొన్న ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా దిగిన ఆ మెట్ల మీద ఇద్దరూ కలిసి పరిగెత్తారు. బండి కదులుతుండగానే ఇరమ్ సంచిలోంచి ఎర్ర స్టిక్కర్ల చుట్ట తీసింది. ఏడాదిగా విప్పని ప్లాస్టిక్ కాగితాన్ని పంటితో చింపింది.